బర్మా భాషలో రాని ఏడుపు

యాంగోన్ నగరంలోని సంచౌంగ్ పేటలో ఒక చిన్న మానసిక వైద్యశాలలో ఆరేళ్ళు కౌన్సెలర్‌గా పనిచేశాను. చేరిన రోజున దాన్ని నడిపే డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చింది. ఉద్యోగం మానేస్తే రెండేళ్ళ పాటు యాంగోన్‌లో ఎక్కడా కౌన్సెలింగ్ చేయకూడదని, ఆ వైద్యశాల రోగులతో మాట్లాడకూడదని అందులో ఉంది. మానేసే ఆలోచనే లేదు కాబట్టి సంతకం పెట్టేశాను.

సైన్యం అధికారం తీసుకున్న ఏడాది వీధుల్లో ఇసుక బస్తాలు లేచాయి. మేముండే బోటాటౌంగ్ నుంచి బస్సులు ఆగిపోయాయి. తుపాకుల మధ్య నుంచి రెండుసార్లు నడిచి వెళ్ళాను. మూడోసారి మా అమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఉద్యోగం మానేశాను.

నెల తిరక్కుండానే ఒక పెద్దమ్మ ఫోన్ చేసింది. రేవు కూలీల తెలుగు కుటుంబం. రెండేళ్ళుగా నిద్ర పట్టక వైద్యశాలలో నా దగ్గరకు వస్తుండేది. నిరసన ఊరేగింపుకు వెళ్ళిన ఆమె చిన్న కొడుకును సైనికులు పట్టుకుపోయారు. ఏ జైల్లో ఉన్నాడో ఎవరూ చెప్పడం లేదు.

“కూడు దిగట్నేదమ్మా. ఓపాలి నీకాడికొచ్చి కూకుంటాను,” అంది.

“నేను నిన్ను చూడకూడదు పెద్దమ్మా. అలగని సంతకం పెట్టీసాను. నువ్వు అక్కడికే ఎల్లు, వేరే సయామ ఉంది,” అన్నాను. ఇక్కడ డాక్టరమ్మనైనా కౌన్సెలరమ్మనైనా సయామ అనే పిలుస్తారు.

“ఏటమ్మా, నానేటి ఆల కొట్లో సరుకునా?” అని ఫోన్ పెట్టేసింది.

ఆమె వెళ్ళిందట. కొత్త సయామ మంచి పిల్లే, పాపం ఓపికగా అడిగిందట. పెద్దమ్మకు బర్మా భాష బాగానే వచ్చు, బజారంతా అందులోనే చేస్తుంది. కానీ గంటసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని వచ్చేసింది. “ఆ బాసలో నాకు ఏడుపు రాదే,” అందట మా అమ్మతో. ఆమె నాకు ఫోన్ చేసి అప్పటికి మూడు వారాలైంది. ఆ మాట విన్నాక ఇంట్లో ఉండలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరకు నడిచి వెళ్ళాను. ఈసారి అమ్మ అడ్డుకోలేదు. ఒక్కతే ఉంది, బాగా చిక్కిపోయింది. సంగతంతా చెప్పాను.

“ఆ షరతు ఎందుకు పెట్టానో తెలుసా?” అంది బర్మా భాషలో. “నీకు ముందు ఇద్దరు వెళ్తూ వెళ్తూ సగం మంది రోగులను తీసుకుపోయారు. మళ్ళీ అలా జరిగితే నేనీ తలుపు మూసుకోవాల్సిందే.”

అబద్ధం కాదు. ఆ వైద్యశాలను ఆమె ఎంత కష్టపడి నిలబెట్టిందో నేను చూశాను.

“మిగతా వాళ్ళెవరినీ పిలవను. ఈవిడ మాత్రం తెలుగులో తప్ప ఏడవలేదు. ఈ ఊళ్ళో తెలుగులో వినేవాళ్ళు ఇంకెవరున్నారు, సయామా?”

ఆమె సొరుగులోంచి నా కాగితం తీసి, షరతు మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన సంతకం చేసింది. “ఎవరి దగ్గర కూర్చోవాలో రోగికే తెలియాలి. నేనది మర్చిపోయాను,” అంది. ఆ తర్వాత చేరినవాళ్ళ కాగితాల్లో ఆ షరతు లేదని విన్నాను.

పెద్దమ్మ మా ఇంటికి రెండు సార్లు వచ్చిందో లేదో, ఆమెకు కరోనా వచ్చింది, ఇంట్లోవాళ్ళు విడిగా ఒక గదిలో ఉంచారు. నేను వాళ్ళ మెట్ల మీద కూర్చుని మూసిన తలుపుతో మాట్లాడేదాన్ని. ఆమె లోపలి నుంచి కొడుకు చిన్నప్పటి అల్లరి చెప్పేది, మధ్యలో ఏడ్చేది. నేను వినేదాన్ని. పదిహేనో రోజున తలుపు తీసి, “ఆకలేత్తందమ్మా,” అంది.

కొడుకు ఆ మరుసటి ఏడాది విడుదలయ్యాడు. ఇప్పుడు వాడు కూడా వారానికోసారి నా దగ్గరకు వస్తున్నాడు. ఇంకా పెద్దగా మాట్లాడడు. నేనూ తొందరపెట్టడం లేదు.