గుర్రం మరిచిపోని ఈల

పొదిలి అవతల జట్కా పందేలు జరిగిన చోట ఇప్పుడు మిరపకాయలు ఆరబోస్తున్నారు. నా చిన్నప్పుడు అక్కడ ఇరవై బండ్లు బారులు తీరేవి. ఈల వేయగానే గుర్రాలు దూకేవి. ఆటోలొచ్చి జట్కాలు పోయాయి, పందేలూ ఆగిపోయాయి. మా నాన్న మాత్రం తన గుర్రాన్ని అమ్మలేదు.

నిన్న ఆయన నా మూడేళ్ల పాపను బండిలో తిప్పుతుంటే, రోడ్డు మీద బస్సు కండక్టర్ ఈల వేశాడు. గుర్రం ఒక్కసారిగా పరుగందుకుంది. చెప్పులు వదిలేసి నేను వెనకాలే పరిగెత్తాను. మిరప కల్లం అంచున నాన్న పగ్గాలు బిగించి ఆపాడు. పాప ఏడుస్తోంది, ఆయన నవ్వుతున్నాడు.

"చూశావా తల్లీ, ఇదింకా మరిచిపోలా."

"పాపని ఇంకెప్పుడూ ఎక్కించకు నాన్నా," అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. "పాప కోసమే గదమ్మా బండి కడతన్నా. ఇంకెవరెక్కుతారు?"

ఈరోజు ఆయన బండి కట్టలేదు. కట్టమని నేను అనలేను.