సోములమ్మ చెప్పించిన మాట

ఎండిన ఆకుల పొడిని మెథనాల్‌లో నానబెడితే మా ల్యాబ్‌లో ఒక వాసన లేస్తుంది. చేదు, దాని వెనకే స్పిరిట్ ఘాటు. నిన్న కొత్తగా చేరిన విద్యార్థిని సీసా మూత తీయగానే నాకు సోములమ్మ గుర్తొచ్చింది. అరకు పైన ఒక కొండవాలు ఊళ్లో కాఫీ తోట చేసుకునే మనిషి. పుండ్లకూ జ్వరాలకూ ఆకులు కావలసినవాళ్లు ఆమె దగ్గరికే వచ్చేవారు. నా పరిశోధనకు మొక్కలు చూపించింది ఆమే. ఆకు కోయబోయి నేను కొమ్మ విరిస్తే చేతి మీద ఒక్కటి వేసేది.

ఆమె చూపిన ఒక తీగ ఆకు సారం, ల్యాబ్‌లో పెంచిన రక్త కేన్సర్ కణాలను చంపేసింది. ఆ వారమే కొండెక్కి, ఊళ్లో నలుగురి ముందూ ఆ సంగతి చెప్పాను. అందరూ సంతోషించారు. సోములమ్మ మాత్రం, "మరి మంచి రత్తాన్నేటి సేత్తాది?" అని అడిగింది. ఆ పరీక్ష ఇంకా చెయ్యలేదన్నాను.

తిరిగొచ్చి చేశాను. ఆరోగ్యంగా ఉన్న కణాలూ అలాగే చచ్చిపోయాయి. ఆ ముక్క చెప్పడానికి మాత్రం కొండెక్కలేదు. పని ఒత్తిడి అనుకున్నాను కానీ, నిజానికి మొహం చెల్లలేదు.

మూడు వారాల తర్వాత ఆమే విశాఖలో బస్సు దిగి ల్యాబ్‌కు వచ్చింది.

"పక్కూరి గుంటకి రత్త కేన్సరంట. తొమ్మిదేళ్లది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లమంటే తండ్రి ఇనకుండా పది దినాల్నించి నీ ఆకు కోసం తిరిగి, నిన్న నా కాడికొచ్చినాడు. ఇయ్యొచ్చా?"

"వద్దవ్వా. అది మంచి కణాలను కూడా చంపేస్తోంది."

"నీకెప్పుడు తెలిసింది?"

"మూడు వారాలయింది."

ఆమె తిట్టలేదు. "లే. నువ్వే వచ్చి సెప్పు. బేగి రా," అంది.

ఆ తండ్రి నన్ను నమ్మలేదు. "పట్నపోళ్లకి దాసుకుంతన్నారేటి?" అన్నాడు. తొందరపడి చెప్పానని, అది మందు కాదని రెండుసార్లు చెప్పాను. మర్నాడు సోములమ్మ వాళ్ల వెంట ఆసుపత్రికి వచ్చింది. అంతటితో నన్ను వదల్లేదు. శుక్రవారం సంతలో, పసుపు బస్తాల మధ్య నిలబెట్టి, అదే మాట అందరికీ చెప్పించింది. కొందరు నవ్వారు.

చికిత్స ఏళ్ల తరబడి సాగింది. ఆ అమ్మాయి ఇప్పుడు హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతోంది. ఆ పది రోజుల ఆలస్యం వల్ల నష్టమేమీ జరగలేదని అప్పట్లో డాక్టరు అన్నప్పుడు సోములమ్మ నా వైపు చూసి, "ఈసారికి," అంది.

రెండేళ్ల కిందట వానాకాలంలో ఆమె పోయింది. ఆ తీగ మీద నా పని ఇంకా నడుస్తోంది. సారాన్ని భాగాలుగా విడదీసి, ఏది ఏం చేస్తుందో చూస్తున్నాం. ఒక భాగం పనికిరాదని తేలితే, తేలిన రోజే ఆ ఊరికి ఫోన్ చేస్తాను. ఆమె కోడలు ఎత్తి, "అవలేదా? సరే, సెప్తాను అందరికీ," అంటుంది. నంబరు నొక్కేముందు ఇప్పటికీ నా చెయ్యి కాసేపు ఆగుతుంది. అయినా నొక్కుతాను.