ఎల్బీనగర్ గోడ మీద ఇంగ్లిషు వార్త

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమాన్ని ఇంగ్లిషు పత్రికలు ఏ పక్షమూ వహించకుండా రాశాయని ఈమధ్య ఒక సభలో ఓ పెద్దమనిషి సెలవిచ్చాడు. ఒళ్ళు మండింది. తెలుగూ ఉర్దూ మాట్లాడే నగరంలో, చదవగలిగిన పిడికెడు మంది కోసం అచ్చయిన పత్రికకు పక్షం ఉండదా? ఎప్పుడో మూతపడిన అలాంటి ఒక పత్రిక చరిత్ర రాద్దామని, అందులో కంపోజిటర్‌గా సీసపు అక్షరాలు పేర్చిన ఏసోబు గారి కోసం బయలుదేరాను.

ఉదయం దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే పది నిమిషాల్లో ఎల్బీనగర్, లైనుకు అదే ఆఖరు. లోపలి బస్తీకి ఆటో యాభైకి కుదిరింది. "పాత పేపర్ల కోసం గింత దూరమొచ్చిండ్రా సార్? మా ఇంట్ల కట్టలున్నయ్, కిలోల లెక్కన తీస్కపోండ్రి" అని నవ్వాడు, నేను వచ్చిన పని విన్న డ్రైవర్.

ఏసోబు గారికి ఎనభై దాటాయి. నల్గొండ పల్లె నుంచి వచ్చి ప్రెస్సులో చేరిన మనిషి. "ఇంగ్లిష్ రాదు సార్. ఏ అక్షరం ఏ గడిల ఉంటదో తెలుసు, గంతే. కాయితం మీద ఎట్లుంటె అట్ల పేర్చేది." తమ్ముడు ఆ ఉద్యమంలోనే పోలీసు కాల్పుల్లో పోయాడు. "మట్టిచేసొచ్చి డ్యూటీ ఎక్కిన. గా దినమే వాని పేరు నా చేతికొచ్చింది. వాని కాలేజీ ఫీజు రసీదు మీద చూసిన అక్షరాలే, గుర్తువట్టిన. మిగిలింది ఏం రాసిండ్రో తెల్వలే."

ఆ వార్త ముక్క అద్దం కట్టించుకుని గోడకు వేలాడుతోంది, ఏసుప్రభువు పటం పక్కనే. "మంచి పిల్లగాడని రాసిండ్రంట, మా మనుమరాలు చదివి చెప్పింది. మీరు పుస్తకాలు రాసేటోళ్ళు. మీ నోట గూడ ఒకపారి వినాలె."

దగ్గరికెళ్ళి చూశాను. పేరుమోసిన రౌడీ, రాళ్ళు రువ్వే గుంపును ముందుండి నడిపాడట, పోలీసులు గత్యంతరం లేక కాల్చారట. వెనక్కి తిరిగితే, చాయ్ తెచ్చిన మనుమరాలు సునీత తాత వెనక నిలబడి నాకు చేతులు జోడిస్తోంది.

"చదువుండ్రి సార్."

"బాగా చదివే కుర్రవాడని రాశారు. కాలేజీలో అందరికీ ఇష్టుడట" అన్నాను.

"మరి! అంగ్రేజీ పేపర్ అబద్ధం రాస్తదా?" ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు.

గేటు దాకా వచ్చింది సునీత. "ఏడో తరగతిల్నే చదివిన అంకుల్. డాడీకి గూడ చెప్పలే."

చచ్చిపోయిన తమ్ముణ్ణి రౌడీ అనే మాటను అన్న చేతనే పేర్పించింది ఆ పత్రిక. దాన్ని నిలదీయడానికి వెళ్ళి, దాని పరువు నేనే నిలబెట్టి వచ్చాను. చరిత్ర రాస్తే, ఆ వార్తలో నిజంగా ఏముందో ఆ ఇంటికి చేరుతుంది. రాయకపోతే రౌడీ అన్న మాటే చరిత్ర. ఇంతవరకు ఒక్క పేజీ ముందుకు సాగలేదు. ఇలా పాత పత్రికల కోసం ఇళ్ళకు వెళ్ళేవాళ్ళకు ఒక్కటే చెబుతాను: ఎవరు అడిగినా వెంటనే పైకి చదవకండి. ముందు ఆ ఇంట్లో ఇంగ్లిషు వచ్చిన పిల్లలతో విడిగా మాట్లాడండి.