చిటికెడు గుళికలు

ఏడేళ్ళుగా ఒక మాట నా గొంతులోనే ఉంది. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో.

అమలాపురంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టుకి నేను తీసుకున్నది నులిపురుగు. కంటికి కనబడని ఆ పురుగు వంగ వేళ్ళలో దూరితే వేళ్ళ నిండా బుడిపెలు కట్టి మొక్క వడలిపోతుంది. బంతి ఆకుల పసరు దాన్ని అణుస్తుందని చదివాను. మా పొలం కౌలుకు చేసే సూరిబాబు గారు తన తోటలోని మట్టి, నారు తెచ్చి ఇచ్చారు. కుండీల్లో నాటి పసరు పోశాను. నెల తర్వాత పీకి చూస్తే అన్నీ బుడిపెలే.

మళ్ళీ నాటాను. ఈసారి పసరుతో పాటు నాన్నగారు కొట్టుగదిలో దాచిన పురుగుమందు గుళికలు చిటికెడు చొప్పున వేశాను. మార్కుల కోసమేనా? పసరు పనిచేయలేదని రాసినా మార్కులు వేసేవారే. అప్పుడు నాకా సంగతి తెలియదా?

వేళ్ళు తెల్లగా వచ్చాయి. వాటిని సూరిబాబు గారూ చూశారు.

ఆ ఏడు ఆయన గుళికలు కొనలేదు. గట్ల మీదంతా బంతి వేసి, భార్యాభర్తలిద్దరూ ఆకు రుబ్బి కుండలతో పోస్తుంటే మా అరుగు మీద నుంచి రోజూ చూశాను. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. కాపుకు రాకుండానే తోట పోయింది. ఊళ్ళో ఆయన్ని ‘బంతిపూల డాక్టరు’ అన్నారు. నాన్నగారు కౌలు వేరొకరికి ఇచ్చారు.

ఉప్పలగుప్తంలో రొయ్యల చెరువు కాపలాకి వెళ్ళేముందు ఆయన మా ఇంటికి వచ్చారు.

“తప్పు నాదేనండి అమ్మాయిగారూ. మీరు గ్లాసుతో కొలిచి పోసేరు. నేను కుండతో గుమ్మరించేసేను. నీ చేతికి కొలతెక్కడిదయ్యా అని మా ఆవిడ ముందే అందండి,” అని నవ్వారు. “నీళ్ళెక్కువైపోయుంటాయి. అంతేనంటారా?”

“అయ్యుంటుందండి,” అన్నాను.

గుళికలు వేసింది ఓడిపోయానంటారన్న భయంతో. కానీ ఈ మాట? ఎదురుగా నిలబడి, ఆయన కళ్ళలోకి చూస్తూ అన్నాను.

ఇప్పుడు పాపకి జ్వరం మందు పోసేటప్పుడు మూతలోని గీతను రెండుసార్లు, మూడుసార్లు చూసుకుంటాను. ఇక్కడి నుంచి ఉప్పలగుప్తానికి బస్సులో గంట కూడా పట్టదు. ఒక్కసారీ వెళ్ళలేదు. వెళతానని మీకు మాట ఇవ్వలేను కూడా. ఆయనతో అనవలసిన మాటను కనీసం ఈ కాగితం మీదైనా రాస్తున్నాను.

మీ కొలత తప్పలేదండి, సూరిబాబు గారూ.