స్లీపర్ల మీద నిలబెట్టిన తుపాకి

పోయిన ఆదివారం మా మనవరాలు మేడ మీదకి మూడు కాళ్ళ స్టాండు ఒకటి ఎక్కించి, దాని మీద చేయంత పొడుగు లెన్సున్న కెమెరా బిగించి, యార్డు అవతల చెట్ల మీద వాలే పక్షుల్ని ఫోటోలు తీస్తానని కూర్చుంది. ఈ పిల్లకి నేను తెలుగులో ఏమడిగినా హిందీలో జవాబు చెప్పడం అలవాటు. టాటానగర్ యార్డుని ఆనుకుని ఉన్న మా బాగ్‌బేరాలో ఏ ఇంట్లో చూసినా ఇదే వరస కాబట్టి నేనూ పట్టించుకోవడం మానేశాను. ఇంతలో ఒక గూడ్సు బండి కదిలి వెళ్ళింది. అది వెళ్ళాక కెమెరా వెనక చూసుకుని, నానీ, ఫోటో పూరా హిల్ గయా అని మొహం మాడ్చుకుంది. ఏమిటే కదిలింది, నేను ఇక్కడే ఉన్నాను కదా, ఏమీ కదల్లేదు అనబోయాను. ఆ మాట పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. సరిగ్గా ఈ మాటే మా బాబాయి ఒకసారి అన్నాడు, ఎన్నో ఏళ్ళ కిందట, ఒక శీతాకాలపు మధ్యాహ్నం.

మా ఆయన పోయాక రైల్వేలో ఆయన తాలూకు ఉద్యోగం నాకిచ్చారు. ఇంజనీరింగు వాళ్ళ దగ్గర ఖలాసీ పని, అంటే ఎవరు ఏది మొయ్యమంటే అది మోసే పని. చీర కుచ్చిళ్ళు దోపుకుని పట్టాల వెంట నడిచే ఆడదాన్ని చూసి నవ్వనివాడు పాపానికి ఒక్కడూ లేడు, మా అత్తవారి తరఫు వాళ్ళయితే నవ్వకుండా నేరుగా తిట్టారు. నా వాటాకి వచ్చిన బరువు లెవెల్ చూసే యంత్రం తాలూకు స్టాండు. మూడు కర్రకాళ్ళు, కాళ్ళకి ఇనుప ములుకులు, నెత్తి మీద ఇత్తడి పలక. పట్టాలు ఎక్కడ కుంగాయో చూడడానికి మా సాహెబు అడుగడుగునా ఆగేవాడు, ఆగిన చోటల్లా నేను స్టాండు నిలబెట్టాలి. మొదట్లో దాన్ని చూస్తే ఏడుపొచ్చేది. తర్వాత్తర్వాత, ఏ నేల మీద ఏ కాలు ఎంత చాపాలో కన్నుతో చూడకుండానే చేతికి తెలిసిపోయేది.

అత్తవారి తిట్లన్నిటికీ అడ్డం నిలబడినవాడు మా అన్నయ్య. శ్రీకాకుళం వైపు నుంచి మా నాన్న చెయ్యి పట్టుకుని వచ్చినవాళ్ళం మేం ఇద్దరమే. నాన్న పోయాక నాకు నాన్న కూడా తనే. కొండల వైపు పోయే ఒంటి లైను మీద, ఊళ్ళకి దూరంగా, రోడ్డు దాటే చోట గేటు కాసే పని అన్నయ్యది. ఒక గది, ఒక కుండ, ఒక ఫోను, రెండు జెండాలు, అంతే అక్కడి సంసారం. మా వదిన బాగ్‌బేరా క్వార్టర్లో ఉండేది. నేను స్టాండు భుజాన వేసుకుని ఆ గేటు మీదుగా వెళ్ళినప్పుడల్లా, అదిగో మా ఇంటి ఇంజనీరమ్మ వస్తోందని దారిన పోయే లారీ వాళ్ళకి కూడా వినబడేలా ఎగతాళి చేసేవాడు, వెంటనే కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చేవాడు.

ఆ రోజు మేము గేటుకి ఇవతల, కంకర బండితో పాటు పనిలో ఉన్నాం. పట్టాల పని చేసే గ్యాంగుకి పెద్ద, అంటే మేటు, మా బాబాయే. కోతలైపోయి పొలాలు ఖాళీగా ఉన్నాయి. ఆ రోజుల్లో పని బండి గార్డు దగ్గర ఒక పెట్టె ఫోను ఉండేది, పొడవాటి కర్ర చివర కొక్కేలని స్తంభాల మీద తీగలకి తగిలిస్తే ఆ లైనులో ఉన్న స్టేషన్లూ గేట్లూ పలికేవి, మన ఈడు రైల్వే వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మా బండికి దారి అడుగుదామని గార్డు ఫోను తగిలించాడు, తగిలించగానే అటు నుంచి మా అన్నయ్య గొంతు. దల్మా కొండల నుంచి ఒంటి ఏనుగు ఒకటి, మదమెక్కింది, గేటు వెయ్యడానికి బయటికి వచ్చిన అన్నయ్యని విసిరికొట్టింది. ఎలాగో గదిలోకి పాకి తలుపు వేసుకున్నాడు. ఏనుగు గేటు దగ్గరే నిలబడిపోయింది. గార్డు నా మొహం చూసి ఫోను నా చేతికిచ్చాడు.

"సెల్లీ, నువ్వా? మీ వదినకి సెప్పకండి. కాలు నాది కాదన్నట్టుంది, రగతం ఆగట్లేదు."

గట్టిగా కట్టు కట్టుకోమన్నాను, కదలవద్దన్నాను, కదిలేదానికి ఏటుందే ఇక్కడ అని ఆ స్థితిలోనూ నవ్వబోయాడు. గ్యాంగు వాళ్ళు డబ్బాలు వాయించారు, పటాకులు పేల్చారు, మంట చేసి చూపించారు. అది పోకపోగా ఎవరు నాలుగు అడుగులు వేసినా మీదికి ఉరికేది, మళ్ళీ వెనక్కి తిరిగి గేటు దగ్గరే నిలబడేది. అన్నయ్య రక్తం మాత్రం మా కోసం ఆగదు కదా. ఏ దేవుడికి మొక్కుకోవాలో కూడా తోచని స్థితి అంటారే, అది ఆ రోజు నాకు తెలిసింది.

స్టేషను నుంచి కబురందుకుని అటవీ శాఖ వాళ్ళు మత్తుమందు తుపాకితో పశువుల డాక్టర్ని పంపారు. రోడ్డు ఏనుగున్న గేటు దగ్గరే, మేమున్నది జీపు రాలేని చోటు, పాపం కంకర మీద పరుగెత్తుకుంటూ వచ్చాడు, వయసు మళ్ళినవాడు, రొప్పుతున్నాడు, చేతులు వణుకుతున్నాయి. ఆయన హిందీలో చెప్పిందేమిటంటే, మామూలుగా ఈ తుపాకిని ఏనుగుకి దగ్గరగా వెళ్ళి భుజాన పెట్టి కొడతారట, ఇక్కడ దగ్గరికి వెళ్ళే వీలు లేదు, ఇంత దూరం నుంచి కొట్టాలంటే ఈ చేతులతో అయ్యే పని కాదు, తుపాకి ఆనించడానికి ఏదైనా కావాలి. ఇంకో మాట కూడా చెప్పాడు. ఏనుగు ఇప్పుడు గదికి ఎడంగా పొలం వైపు ఉంది, ఇలా ఉండగానే తగిలితే ఎక్కడ కూలినా పొలంలోనే కూలుతుంది, గది దగ్గరికి వస్తే కష్టం.

అప్పుడు అందరి చూపూ నా స్టాండు మీద పడింది. గార్డుకి ఫోను ఇచ్చి వచ్చాను. పైనున్న యంత్రం విప్పేసి, పట్టాని దాని కింద అడ్డంగా ఉండే స్లీపరు దిమ్మెకి బిగించే వంకర క్లిప్పు ఒకటి ఇత్తడి పలక మీద నిలబెట్టి కట్టాను, దానికి బాబాయి మెడలోని గంఛా తువ్వాలు మడతలు వేసి చుట్టాను, తుపాకి ఆ మెత్తటి వంపులో ఒదిగింది. దాన్ని బిగించి కట్టబోతే డాక్టరు వద్దన్నాడు. తుపాకి వాలి ఉండాలే గాని కట్టుబడి ఉండకూడదట. ఒక కాలు ఏనుగు వైపుకి, రెండు కాళ్ళు మనిషికి చెరో పక్కకీ చాపాను. గోనెసంచిలో కంకర నింపి కాళ్ళ మధ్య వేలాడదీస్తే స్టాండు భూమిలోంచి మొలిచినట్టు నిలబడింది.

ఎక్కడ నిలబెట్టాలన్న మాటకి బాబాయి క్షణం ఆలోచించలేదు. ఇంజను ముందు, స్లీపర్ల మీద. మాకెవరికీ అందులో తప్పు కనబడలేదు, ఇప్పుడు అడిగినా మా వాళ్ళలో నూటికి తొంభైమంది అదే చెబుతారు. పొలం నేల కుంగుతుంది, కంకర జారుతుంది, వేల టన్నులు మోసే స్లీపరు కన్నా గట్టిది లోకంలో ఏముంది? పైగా ఏనుగు ఉరికి వస్తే డాక్టరు ఇంజను ఎక్కెయ్యవచ్చు, డ్రైవరు వెనక్కి లాగెయ్యవచ్చు. అందుకే డ్రైవరు డీజిలు ఇంజను ఆపకుండా నడుపుతూనే ఉంచాడు.

నేను ఫోను దగ్గరికి వెళ్ళి, ఇప్పుడే కొడుతున్నారన్నా అని చెప్పాను. డాక్టరు ఊపిరి బిగబట్టి కొట్టాడు. సూది ఏనుగు వీపు మీదుగా వెళ్ళి గది పైకప్పు రేకుకి ఠంగుమని తగిలింది. ఆ చప్పుడుకి ఏనుగు గిర్రున తిరిగి, పొలం వదిలిపెట్టి, తిన్నగా గది గోడ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

తుపాకి కదిలిందని డాక్టరు అన్నాడు.

"ఏటి కదిలింది? ఏటీ కదల్నేదు. నేనిక్కడే నిలబడున్నాను కదా," అన్నాడు బాబాయి.

ఆ మాటలో ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. చిన్నప్పట్నుంచీ యార్డు పక్క క్వార్టర్లలో పెరిగినవాళ్ళం మేము, బండి వెళ్తే గూట్లో గ్లాసులు గలగలమంటాయి, ఉయ్యాల దానంతటదే ఊగుతుంది, మా పిల్లలు ఆ అదురులోనే నిద్రపోతారు. స్వగ్రామానికి చుట్టపుచూపుగా వెళ్ళినప్పుడు మాకు నిద్ర పట్టేది కాదు, అక్కడ నేల ఊరికే పడి ఉంటుంది మరి. డాక్టరు తను తాగుతున్న నీళ్ళ గ్లాసు తీసి ఇత్తడి పలక మీద పెట్టాడు. నీళ్ళ మీద సన్నటి వలయాలు, ఒకదాని వెనక ఒకటి, ఆగకుండా. ఇంజను అదురు పట్టాల్లోంచి స్లీపర్లకి, స్లీపర్లలోంచి స్టాండుకి పాకుతోంది. అంతమందిమి చుట్టూ నిలబడి ఉన్నాం, ఒక్కరి కాలికీ తెలియలేదు.

బాబాయి మొహం చూడలేకపోయాను. ఆయనే స్టాండు ఎత్తి భుజాన వేసుకుని పొలం గట్టు మీదకి పరుగెత్తాడు, పారిపోవడానికి ఇంజను లేని చోటుకి డాక్టరు కూడా వెనకే వెళ్ళాడు. నేను ఫోను పట్టుకుని ఉండిపోయాను. అన్నయ్య మాట బాగా పలచబడింది. గోడకి అవతల దాని ఊపిరి వినిపిస్తోందన్నాడు. మీ వదినకి తర్వాత నువ్వే సెప్పు, ఇంకెవరూ సెప్పొద్దన్నాడు.

"ఇంక మాటాడలేనే. ఫోను పెట్టీయకు. అలా ఉండు, సాలు."

రెండో సూది గురి తప్పలేదు. గట్టు కదలలేదు, స్టాండు కదలలేదు, ఏనుగు తొడలో సూది తోకకుండే ఎర్ర కుచ్చు కనబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. మందు పని చెయ్యడానికి కొంతసేపు పడుతుందని డాక్టరు ముందే చెప్పాడు. నేను చెవికి ఫోను అదుముకుని అన్నయ్య ఊపిరి వింటూ నిలబడ్డాను. ఒకటి, చాలాసేపటికి ఇంకొకటి. అక్కడ ఏనుగు తొండం వదులైంది. తూలింది. తూలిన ప్రాణి ఏదైనా ఆసరా కోసం చూస్తుంది, దానికి పక్కనే గోడ ఉంది. పాపం, అది కోపంతో చేసింది కాదు. మెల్లగా, నిద్ర ముంచుకొచ్చిన మనిషి ఒరిగినట్టు గోడ మీదికి ఒరిగింది. గోడా కప్పూ కలిసి లోపలికి కూలాయి.

ఫోను మూగబోయింది. తీగ ముందు తెగిందో, మా అన్నయ్య ఊపిరి ముందు ఆగిందో నాకు తెలియలేదు. అందరూ గది వైపు పరుగెడుతున్నారు, నేను మాత్రం అన్నా, ఉన్నాను, ఇక్కడే ఉన్నాను అంటూనే ఉన్నానట. ఆఖరికి గార్డు నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి ఫోను తీసుకున్నాడు.

వదినకి నేనే చెప్పాను. ఆవిడ ఏడవలేదు, చివరికి ఏం మాట్లాడాడని ఒక్కటే అడిగింది, నిన్నే తలుచుకున్నాడన్నాను. ఏనుగు బతికింది, మెలకువ వచ్చాక కొండల్లోకి వెళ్ళిపోయిందట. బాబాయి రిటైరయ్యేదాకా స్లీపరు మీద కాలు పెట్టిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి, అరికాలితో ఏదో వెతుక్కునేవాడు. నేను మాత్రం ఆ స్టాండునే ఇంకా చాలా ఏళ్ళు మోశాను. ఇల్లు గడవాలి, మొయ్యక ఏం చేస్తాను.

ఇప్పుడు ఆ గేటు లేదు, రోడ్డు పట్టాల కిందనుంచి పోతోంది. స్తంభాలూ తీగలూ ఎప్పుడో పీకేశారు. ఆ కొక్కేల కర్ర అంటే ఏమిటో ఇప్పటి రైల్వే పిల్లలకే తెలియదు, అందరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి. అటు నుంచి కాస్సేపు మాట వినబడకపోతే నెట్‌వర్క్ పోయిందని విసుక్కుని కట్ చేసి మళ్ళీ చేస్తారు, అందులో తప్పేమీ లేదు, మళ్ళీ చేస్తే పలుకుతుంది కూడాను. నాకే అది చేతకాదు. మా అమ్మాయి ఫోను మధ్యలో మూగబోతే, అమ్మా, పెట్టెయ్యి, నేనే చేస్తానని ఎన్నిసార్లు నేర్పిందో. నేను చెవి దగ్గర్నుంచి తియ్యలేను. అవతల ఎవరో మాట్లాడలేక ఊరికే ఊపిరి తీస్తున్నారేమోనని వింటూనే ఉంటాను.