చిత్రావతి ఒడ్డుకు మరగూటాలతో

అనంతపురం స్టేషనులో మేం బెంగళూరు ప్యాసింజరు ఎక్కేసరికి పొద్దు ఇంకా ఎక్కలేదు. మా సామాను ఎత్తబోయిన పోర్టరు ఒకసారి ఊపి చూసి కింద పెట్టేశాడు. గోనెల్లో చుట్టిన ఇనుప గొట్టాలు అవి, నడుమెత్తున ఉంటాయి. ఒక్కొక్క దాని కింది కొసకు మందపాటి రేకును కాల్చి, మెలిపెట్టి, మరలాగా అతికించాను. వాటికి మేం పెట్టుకున్న పేరు మరగూటాలు.

నా పేరు మస్తాన్. అనంతపురంలో కొలిమి నడుపుతాను. నాతో బయలుదేరినవాడు ఓబులేసు, వడ్రంగి. గోరంట్ల అవతల చిత్రావతి ఒడ్డున, కరువుకు అమ్ముకోలేక వదిలెయ్యలేక ఉన్న పశువులన్నిటినీ ఒకచోట చేర్చి మేపుతున్నారు. ఆ పని చూస్తున్న లక్ష్మీదేవమ్మ మాకు కబురు చేసింది. గడ్డి లారీల్లో వస్తోంది, నీడే లేదు. రెండుసార్లు పందిళ్లు వేస్తే రెండుసార్లూ ఆషాఢం గాలి ఎత్తి పారేసింది. రెండోసారి గుంజ మీద పడి ఒక ఆవు కాలు విరిగింది. గుంజల కింద సిమెంటు పోద్దామంటే పర్మిట్టు లేనిదే బస్తా దొరకదు. దొరికినా కలపడానికీ తడపడానికీ నీళ్లు లేవు. మనుషులే ఏట్లో చెలమలు తవ్వుకుని తాగుతున్నారు.

వయసులో ఉన్నప్పుడు నేను మద్రాసు రేవులో పనిచేశాను. సముద్రపు ఇసుకలోకి మరమేకులా తిప్పి దించిన ఇనుప స్తంభాలను అక్కడే చూశాను. అలలకు కదలనివి గాలికి కదలవని నా నమ్మకం. కానీ రాళ్లు కలిసిన మన గరుసు నేలలో దిగుతాయో లేదో చూసినవాళ్లెవరూ లేరు.

ధర్మవరంలో ఒక ముసలమ్మ ఎక్కి, కాలు పెట్టే చోటు లేక మూట మీదే కూర్చుంది.

"ఏమప్పా, ఇవి ఫిరంగులా?"

"పందిరి గుంజలకు కాళ్లమ్మా" అన్నాను.

"కాళ్లయితే ఇట్ల వంకర తిరిగిండాయేమి?" అని ఆమె పెనుకొండ దాకా నవ్వుతూనే ఉంది.

పెనుకొండలో దిగి, బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ఆ వైపు పోయేవాళ్లు తాగే నీళ్లు అక్కడే నింపుకోవాలి. ఆ పైన అడిగితే ఇచ్చేవాళ్లున్నారు గానీ, వాళ్ల కడవల్లోకి చూశాక అడగబుద్ధి కాదు. గోరంట్ల బస్సు కండక్టరు ఇనుము చూసి చేతులడ్డం పెట్టాడు. "ఇంత బరువు పైకెక్కిస్తే టాపు కిందికొస్తాది. నేను ఎక్కించుకోను." పశువులకు నీడ వెయ్యడానికని ఓబులేసు చెప్పగానే ఆయన అడ్డం పెట్టిన చేతులు దించాడు. తర్వాత తానే ఒక చెయ్యి వేసి, సగం పైకీ సగం సీట్ల కిందికీ సర్దించాడు. జనం కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నారు.

గోరంట్లలో తోపుడు బండి మాట్లాడుకుని ఏటి ఒడ్డుకు చేరేసరికి నడినెత్తిన ఎండ. పశువులు ఒకదాని నీడలో ఒకటి తలలు పెట్టి నిలబడి ఉన్నాయి. లక్ష్మీదేవమ్మ ఎదురొచ్చింది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది.

"మేత ఉండాది మస్తానన్నా. నీళ్లు కొంచెమో గొప్పో తెప్పిస్తాండా. ఎండే చంపుతాంది. నిన్న కూడా ఒక ఎద్దు పోయింది."

మేం గోనెలు విప్పుతుండగానే పశువులు నిలిచిన చేను యజమాని చిన్నపరెడ్డి వచ్చాడు. "నేను నేల ఇచ్చింది మేపుకునేదానికి. పునాదులేసి గట్టిగా కట్టినారంటే రేపు ఇది నాది గాదంటారు. ఒప్పుకోను."

"పునాది లేదు రెడ్డీ, సిమెంటూ లేదు. తిప్పి దించుతాం, అంతే" అన్నాను.

మొదటి మరగూటం జానెడు దిగి రాయికి తగిలింది. బయటికి తీస్తే రేకు మడత పడి ఉంది. రెడ్డి నవ్వాడు. ఓబులేసు నా చెవిలో "మామా, ఎనక్కి పోదామా?" అన్నాడు.

"పోయేదానికి రాలేదు" అన్నాను.

పిడకల మంటలో రేకు కాల్చి, బండ మీద సరిచేశాను. ఈసారి ముందు గడ్డపారతో పొడిచి చూశాం. ఖంగుమంటే పక్కకు జరిగాం, మెత్తగా దిగినచోట మర పెట్టాం. గొట్టం తల దగ్గరున్న బెజ్జంలో గడ్డపార అడ్డంగా దూర్చి, చెరొక కొసా పట్టుకుని చుట్టూ తిరిగాం. చేతులు బొబ్బలెక్కాయి. సాయంత్రానికి అది మెడదాకా భూమిలో ఉంది.

రెడ్డి ఇంటి నుంచి తన కాడి ఎద్దులను తెప్పించి, మోకుతో దానికి కట్టి అదిలించాడు. మోకు బిగిసింది, ఎద్దుల కాళ్లు జారాయి. మరగూటం కదల్లేదు. నేను సంబరపడబోయాను. ఆయన ముఖం మాత్రం ఇంకా గట్టిపడింది.

"ఎద్దులు లాగితే రానిదాన్ని రేపు మీరెట్ల పీకుతారప్పా? ఇది సిమెంటు కన్నా అన్యాయం!"

నిజమే, నాకు ఆ ఆలోచనే తట్టలేదు. గడ్డపార దూర్చి వెనక్కి తిప్పడం మొదలుపెట్టాను. మొదట బిర్రుగా ఉన్నా, తర్వాత వదులై తిప్పేకొద్దీ పైకి వచ్చింది. చివరికి రెడ్డి చేతికే అందించాను. ఆయన రేకును తడిమి చూశాడు. గుంతలోకి కాలితో మట్టి తోసి, దాని మీద నిలబడ్డాడు.

"ఇంతేనా?"

"ఇంతే రెడ్డీ. మళ్లీ మడక దున్నుకోవచ్చు."

"అయితే కానీండి" అని మోకు తానే విప్పాడు.

తర్వాతి రోజుల్లో పొద్దుననుంచి మాపటి దాకా అదే పని. మధ్యాహ్నం లక్ష్మీదేవమ్మ రాగిసంగటి, నంజుకోవడానికి చెనక్కాయల ఊరిబిండి పెట్టేది. మరగూటాల తలలకు ఓబులేసు గుంజలు బోల్టులతో బిగించాడు, పైన ఈతచాపలు పరిచాం. ఏటి పక్కన ఒక వరస మాత్రం వెయ్యలేకపోయాం, కింద పరుపుబండ తగిలింది. ఇలాంటివి చేయించుకోదలచినవాళ్లు ముందు నేల పొడిచి చూసుకోవాలి. బండలో ఇవి దిగవు.

ఆఖరి రోజు మధ్యాహ్నం ఎర్రదుమ్ము లేచింది. పశువులు బెదిరి ఒకటే అరుపులు. నేను ఒక గుంజను కావలించుకుని నిలబడ్డాను. చాపలు పటపటమని కొట్టుకున్నాయి, రెండు ఎగిరిపోయాయి కూడా. నా చేతుల్లోని గుంజ వణికిందే గానీ పాదు వదల్లేదు. దుమ్ము తగ్గాక అన్ని వరసలూ నిలబడే ఉన్నాయి. లక్ష్మీదేవమ్మ మందలోకి పోయింది. కాలు విరిగిన ఆవును మెల్లగా నడిపించుకొచ్చి నీడన పడుకోబెట్టి, దాని పక్కనే తానూ కూలబడి కళ్లు తుడుచుకుంది.

మర్నాటి పొద్దున బస్సుకు తిరుగుదారి పట్టాం. చేతులకు గుడ్డలు చుట్టుకుని కూర్చున్న నన్ను పక్కనున్న రైతు విషయం అడిగాడు, చెప్పాను.

"ఎన్నేండ్లుంటాయన్నా అవి?" అన్నాడు.

"వాన పడేదాకా."

"అంత కష్టపడి కట్టింది పీకేస్తారా?"

"అందాకా పశువులు బతకాలనే కట్టినాం. ఆ రోజు తొందరగా రావాల" అన్నాను.

ఆయన కిటికీలోంచి మబ్బులేని ఆకాశం వైపు చూశాడు. నా వైపు తిరిగి, "పీకేటప్పుడు కబురు చెయ్యన్నా, నేనూ వస్తా" అన్నాడు.