వడ్లగింజంత మనుషులు

ఈ ఉదయం నా వంటింట్లోంచి వస్తున్న వాసన పట్టుకుని పక్కింటి ఆండాళమ్మ గిన్నెతో సహా వచ్చింది, ఏదో మంచి పప్పు చేస్తున్నాననుకుని. పొయ్యి మీది మూత తీసి చూసింది. నానబెట్టి, రుబ్బి, ఉడకబెడుతున్న చింతగింజల బంక అందులో బుడగలు వేస్తోంది. "గిది గూడ నీ బొమ్మల లెక్కనే ఉన్నది సైదులూ. సూసెతందుకు రాదు, తినెతందుకు రాదు" అని ఖాళీ గిన్నెతో వెళ్లిపోయింది. నేను కాదనలేదు. ఏడో తరగతి పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి రాయడానికి సిగ్గుపడినవాణ్ణి నేను. పత్రికవాళ్లు నా పేరు ముందు పెట్టే 'అధివాస్తవిక చిత్రకారుడు' అన్న మాటను ఇప్పటికీ ఒక్క ఊపిరిలో చదవలేను.

వచ్చే నెల సూర్యాపేటలో నా కొత్త బొమ్మలు పెడుతున్నాను, ఒక ఫంక్షన్ హాలులో, పెళ్లిళ్లు లేని వారం చూసుకుని. తర్వాత అవే హైదరాబాదుకు వెళతాయి. అన్నీ మెట్ల బొమ్మలే. వరిపొలం మధ్యలోంచి లేచి ఎటూ చేరని మెట్లు, లారీ వెనక తలుపు తెరిస్తే కనబడే మెట్లు, బావిలోంచి పైకి కాకుండా బావిలోపల ఇంకో ఊరికి పోయే మెట్లు. ఇవన్నీ ఎక్కడినుంచి వచ్చాయని అడిగేవాళ్లకు ఇన్నాళ్లూ ఏదో ఒక కాకమ్మ కథ చెప్పి తప్పించుకున్నాను. కాని ఈ బంక వాసన, మాడిన గంజికీ తడిసిన మట్టికీ మధ్య ఉండే ఈ వాసన, నా చేత నిజం చెప్పిస్తుంది. అవి కోదాడలో దావీదు సార్ ఫోటో స్టూడియోలో వేలాడిన తెర మీదివి.

ఆయన నాకు దొరికింది మిర్యాలగూడలో, ఒక రైసు మిల్లులో. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. మీసాలు వచ్చాయి, బుద్ధి ఇంకా దారిలో ఉంది. బియ్యం బస్తాల మీద రేకు అచ్చుపెట్టి మిల్లు గుర్తు వేయడం నా పని. గుర్తు చిలుక. ఒకరోజు రేకులో చిలుక తోక దగ్గర విరిగింది. కొత్త రేకు వచ్చేదాకా తోకను చేత్తో వేయమన్నారు. యాభై బస్తాలకు తోకలు వేసేసరికి విసుగు పుట్టి, ఆ తర్వాతి చిలుకలన్నిటికీ చేప తోకలు వేశాను. సేటు లోడు దగ్గర చూసి, "ఇదేందిరా? నేను బియ్యం అమ్ముతున్ననా, చేపలు అమ్ముతున్ననా?" అని అరిచి నన్ను అక్కడికక్కడే పనిలోంచి తీసేశాడు. ఆ రోజు మిల్లులో కొత్త మిషనుకు పూజ. ఫోటోలు తీయడానికి వచ్చిన సన్నటి మనిషి, తెల్ల చొక్కా జేబు మీద రంగు మరకలున్నవాడు, నా వైపు కాకుండా బస్తా వైపు చాలాసేపు చూశాడు. "సేటూ, ఈ బస్తా నాకియ్యి" అన్నాడు. తర్వాత నన్ను చూపించి, "ఇగ వీనితోని నీకు పని లేదు గద. వీన్ని గూడ" అన్నాడు. అట్లా బస్తా, నేనూ ఒకే బస్సులో కోదాడ చేరాం. బస్తాకు సీటు దొరికింది.

ఆయన స్టూడియో తెర తెలియని మనిషి ఆ చుట్టుపక్కల లేడు. గోడంత బట్ట. చింతగింజల బంకలో సుద్ద కలిపి పూతపెట్టి, దాని మీద ఆయనే చేత్తో వేసిన లోకం. నీలం చెరువు, దాని ఒడ్డు నుంచి పైకి తెల్లటి మెట్లు, మెట్ల చివర ఒక ఇల్లు, సగం తెరిచిన తలుపు. మునగాల నుంచి గొర్లకాపరులు గొంగడి భుజాన వేసుకుని వచ్చి ఏ దేశానిదో తెలియని ఆ చెరువు ముందు నిటారుగా నిలబడేవాళ్లు. చిలుకూరు నుంచి నాట్లు వేసే ఆడవాళ్లు కాళ్ల మట్టి కడుక్కుని వచ్చి ఆ మెట్ల పక్కన ప్లాస్టిక్ పూలకుండీ మీద చెయ్యి వేసి బిగుసుకుపోయేవాళ్లు. నాకు నవ్వు ఆగేది కాదు. సార్‌కు మాత్రం అందులో వింతేమీ కనిపించేది కాదు. నాకు బొమ్మ నేర్పేటప్పుడు ఆయన చెప్పిన మొదటి మాట కూడా అదే తీరు. "ముందు నీడ వెయ్యి. మనిషి తర్వాత వస్తడు."

"మనిషి లేంది నీడ యాడికెల్లి వస్తది సారూ?"

"నీకు తెల్వది గాని, ముందు వచ్చేది అదే."

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. తలుపులోంచి వచ్చే ఎండలో మెత్తటి గుడ్డతో తెర దుమ్ము దులుపుతున్నాను. మెట్ల మీద ఏదో అంటుకుందనుకుని గోటితో గీకబోయి ఆగాను. మనిషి. వడ్లగింజంత మనిషి. మాకు వీపు చూపిస్తూ, భుజాన గొంగడితో మెట్లెక్కుతున్నాడు. పై మెట్టు మీద కర్ర పట్టుకున్న ముసలామె. ఇంకా పైన గొడుగుతో ఒకాయన. వాళ్లకు పైన చెయ్యి చెయ్యి పట్టుకున్న ఇద్దరు. ఇన్నాళ్లూ ఆ తెర ముందు ఎంతమందిని నిలబెట్టానో, ఒక్కరోజూ వాళ్లను చూడలేదు.

"సారూ, మీ మెట్ల మీద ఎవరో ఎక్కుతున్నరు."

ఆయన కెమెరా తుడుచుకుంటూ తల ఎత్తలేదు. "గొంగడి మనిషి మునగాల మల్లయ్య. పోయిన ఎండకాలం ఇద్దరు కొడుకులతోని ఫోటో దిగలె? మొన్న పోయిండు. ఆ ఫోటోనే పెద్దగ చేపిచ్చి పటం కట్టిద్దామని కొడుకొచ్చిండు."

"అయితే ఈడెందుకు వేసిండ్రు?"

"ఫోటో ఇంటికి పోయింది. మనిషి మట్టిలకు పోయిండు. ఈడ నిలబడ్డడు గద, ఆ నిలబడ్డది ఏడికి పోవాలె?"

ఇంటి తలుపు సగం తెరిచి ఉంది కదా, లోపలి నలుపులో ఏముందని అడిగాను. "ఇంక వెయ్యలే" అన్నాడు.

ఆ తర్వాత జరిగింది చెబితే మీరు నమ్మకపోవచ్చు. నేనైతే నమ్మను, అక్కడ లేకపోయి ఉంటే. వానాకాలం మొదట్లో ఒక ఉదయం తెర విప్పితే కింది నుంచి నాలుగో మెట్టు మీద ఒక నీడ ఉంది. ఊకపొట్టంత నీడ, పక్కకు వాలి. మనిషి లేడు. సార్ కుంచె ఎంత నిదానమో నాకు తెలుసు కాబట్టి మనిషిని సాయంత్రం వేస్తాడులే అనుకున్నాను. వారం గడిచింది, వేయలేదు. ఎనిమిదో రోజు ఒక కుర్రాడు వచ్చి వాళ్లమ్మ పోయిందని, ఏడాది కింద మా దగ్గర దిగిన ఫోటో పెద్దది చేయాలని అడిగాడు. ఆమె నాకు గుర్తుంది. ఆకుపచ్చ చీర, చేతిలో స్టీలు టిఫిను డబ్బా, ఫోటోకు కూడా ఆ డబ్బా కింద పెట్టనన్నది. ఆ మధ్యాహ్నం సార్ స్టూలు వేసుకుని కూర్చుని సన్న కుంచెతో ఆమెను నాలుగో మెట్టు మీద వేశాడు. చేతిలో డబ్బా కూడా. నీడకు ఆమె సరిగ్గా సరిపోయింది. డబ్బా నీడ కూడా అందులో ముందే ఉంది.

సార్ కుంచె కడుగుతూ అన్నాడు. "నీడ మంచిగ వేసినవ్‌రా. చెయ్యి తిరిగింది."

"నేనెక్కడ వేసిన సారూ? మీరే గద."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. బయట విజయవాడ బస్సు హారను కొట్టింది. ఆ సంగతి మేము మళ్లీ ఎత్తలేదు. ఆ నీడ ఎవరు వేశారో నాకు ఇప్పటికీ తెలియదు.

భయం వేసినప్పుడు కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు. నేను జోకు వేస్తాను. బస్టాండు ముందు టీ కొట్టు దగ్గర నలుగురు ఉండగా అనేశాను. "మీకు ఎవడన్న పడకపోతే కొట్లాడకుండ్రి. మా సార్ తెర ముంగట నిలబెట్టుండ్రి. ఏడాదిల మెట్లెక్కుతడు." అందరూ పడీపడీ నవ్వారు. టీ కొట్టాయన నాకు రెండో టీ ఊరికే పోశాడు. ఆ టీ ఖరీదు తర్వాత తెలిసింది. రెండు వారాల్లో ఆ మాట నాకంటే ముందు బస్సెక్కి మునగాల పోయి, చిలుకూరు పోయి, తిరిగి వచ్చేటప్పటికి జోకు కాకుండా పోయింది. పెళ్లికూతురి తల్లి ఒకామె కూతురి చెయ్యి పట్టుకుని గడప దగ్గరే ఆగింది. "గా తెర వద్దు. గోడ ముంగట తియ్యుండ్రి" అన్నది. తర్వాత గోడ ముందుకు కూడా ఎవరూ రాలేదు. ఎదురుగా కొత్తగా కంప్యూటర్ స్టూడియో పెట్టారు. అందరూ అక్కడికి దాటారు.

సార్ భార్య సువార్తమ్మది జగ్గయ్యపేట వైపు, మాటలో ఆ యాస. నేను ఏమన్నానో ఆమె చెవిన ముందు పడింది. "నీ నోరు కుట్టేస్తానురా సైదులూ. ముప్పై ఏళ్లు నిలబెట్టుకున్న పేరు ఆయనది. నువ్వు టీ తాగేలోపు తుడిచేశావు" అంది. సార్ మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, తల దువ్వుకుని, తెర ముందు మెట్ల పక్కన నిలబడ్డాడు. "తియ్యి" అన్నాడు. నేను కెమెరా మూత తీసి మళ్లీ పెట్టేశాను. "తియ్యిరా. కథ నువ్వు మొదలుపెట్టినవ్. నడిమిట్ల ఇడిసిపెడితే జనం పెంచుకుంటరు. ఆఖరిదాక నువ్వే చెప్పాలె."

ఆ ఫోటోను బయట గాజుపెట్టెలో పెట్టాడు. కింద ఒక అట్టముక్క. దాని మీద నా చేతనే రాయించాడు: 'దావీదు. ఇంకా ఉన్నాడు.' ప్రతి నెలా మొదటి రోజు ఆ అట్ట తీసి కొత్తది రాసి పెట్టడం నా పని. బస్సులోంచి జనం మెడలు చాపి చదివేవాళ్లు. కొందరు నిజమేనా అని లోపలికి తొంగి చూసేవాళ్లు. సార్ చెయ్యి ఊపేవాడు. సువార్తమ్మ మాత్రం అటు చూసేది కాదు. "బతికున్న మనిషిని గాజు వెనక పెట్టడమేంటి" అని తలుపు వైపు నుంచి తిరిగి వెళ్లేది. నేను ప్రతి ఉదయం తెర విప్పగానే ముందు మెట్లు చూసేవాణ్ణి. ఎక్కడైనా కొత్త నీడ పడిందేమోనని.

పదకొండో నెలలో సార్‌కు జ్వరం వచ్చింది. తగ్గలేదు. దవాఖానలో మంచం పక్కన స్టూలు మీద పగలంతా కూర్చున్నాను. ఆయన కళ్లు తెరిచి నన్ను చూసి సన్నగా నవ్వాడు.

"భయపడ్డవారా?"

"లేదు సారూ."

"నీ అబద్ధం నువ్వే నమ్మినవ్. మంది నమ్మితె తప్పేమున్నది?"

ఆయన కోలుకుని లేచాడు. ఏడాది నిండిన రోజు గాజుపెట్టెలో చివరి అట్ట పెట్టించి, మధ్యాహ్నం నన్ను బయటికి పంపి తలుపు వేసుకున్నాడు. అరగంట తర్వాత వేళ్లకు రంగుతో బయటికి వచ్చాడు. ఏం వేశారని అడగలేదు. ధైర్యం లేదు. జనం తిరిగి వచ్చారా అంటే కొంతమంది వచ్చారు, నవ్వుకుంటూ. కాని అప్పటికి అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేశాయి. స్టూడియో మూసేశాడు. తెర చుట్టి ఇంట్లో అటక మీద పెట్టాడు. నేను సూర్యాపేట వచ్చి గోడల మీద రాతలు రాసుకుంటూ, మిగిలిన రంగుతో నా పిచ్చి బొమ్మలు మొదలుపెట్టాను.

చాలా ఏళ్లకు, వయసు మీద పడి, ఇంట్లోనే సార్ పోయాడు. సమాధి దగ్గర సువార్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఆయన్ని మెట్ల మీద నువ్వే వెయ్యాలిరా" అంది. సరేనన్నాను. వేయలేదు. కోదాడ వెళ్లిన ప్రతిసారీ ఒక సాకు. కుంచె తేలేదన్నాను, చలికి బట్ట బిగుసుకుంటుందన్నాను, ఒకసారైతే అటక ఎక్కితే నడుము పట్టేస్తుందన్నాను. అసలు సంగతి వేరే. అటక మీద చుట్టి ఉన్న ఆ బట్టలో ఆయన కోసం నీడ ఒకటి ముందే పడి ఉంటుందని నా భయం. అది నా జోకు పడ్డ రోజు నుంచే ఉందేమోనని అంతకంటే పెద్ద భయం.

మెట్ల బొమ్మలన్నీ గీశాక, వాటి తల్లి లేకుండా వాటిని హాలులో పెట్టడం దొంగతనంలా అనిపించింది. పోయిన నెల కోదాడ వెళ్లి అటక ఎక్కాను. వరండాలో ఎండలో తెర విప్పాం, ఆమె ఒక కొస, నేను ఒక కొస. బంక పొడిబారి పటపటమంది. అదే వాసన. మోకాళ్ల మీద కూర్చుని కింది మెట్టు నుంచి మొదలుపెట్టాను. మల్లయ్య, డబ్బా పట్టుకున్నామె, గొడుగాయన. చివరి మెట్టు మీద, తలుపు దగ్గర, తెల్ల చొక్కా. వీపు. పాత రంగు, సన్నటి బీటలు. ఏడాది నిండిన ఆ మధ్యాహ్నమే తనను తాను వేసుకున్నాడు. నాకు ఆ పని మిగల్చలేదు.

ఆయన వెనక రెండు మెట్ల కింద ఇంకొకడున్నాడు. తెర మొత్తంలో వాడొక్కడే మా వైపు ముఖం తిప్పి ఉన్నాడు. అందరూ ఎక్కుతుంటే వాడు దిగుతున్నాడు. భుజం మీద చిలుక. చేప తోక చిలుక. వాడి కాళ్ల కింద నీడ లేదు. వేలు పెట్టి తడిమి చూశాను. నీడ ముందు వేయమని నాకు నేర్పిన మనిషి, నన్ను నీడ లేకుండా వేసి వదిలాడు.

ఆ తెరను సూర్యాపేట హాలులో చివరి గోడకు వేలాడదీస్తాను. దాని పక్కన నా ఫోటో, కింద అట్టముక్క: 'సైదులు. ఇంకా ఉన్నాడు.' ఎవరైనా ముందు నిలబడి ఫోటో దిగవచ్చు, నేను హామీ. ఈ రోజుకీ నేను నీడే ముందు వేస్తాను. దాని పక్కన ఎవరొచ్చి నిలబడతారా అని కుంచె పట్టుకుని కొంచెం భయంగానే చూస్తాను.

ఆ రోజు వరండాలో నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ముక్కు తుడుచుకుని, "చూసినవా అమ్మా, అందరు ఎక్కుతుంటె సార్ నన్నొక్కన్నే కిందికి దించిండు" అన్నాను. సువార్తమ్మ కళ్లజోడు సర్దుకుని, వంగి, వడ్లగింజంత నన్ను తేరిపార చూసింది.

"ఆయన దించలేదురా సైదులూ. నీ జోకులు పడలేక లోపలివాళ్లే గెంటేసుంటారు" అంది.